బొనార్దా రుచి చూడటం ఎలా: మాల్బెక్ పక్కనే దొరికే చౌకైన అర్జెంటీనా రెడ్ వైన్

అర్జెంటీనా రెడ్ వైన్ కొందామని షాపుకి వెళ్తే చేయి మాల్బెక్ ద్రాక్షతో చేసిన సీసా మీదకే పోతుంది. అదే అరలో కాస్త పక్కన, చాలాసార్లు మాల్బెక్ కంటే తక్కువ ధరకే, బొనార్దా అని రాసి ఉన్న సీసా ఒకటి కనిపిస్తుంది. ఈసారి అది తీసుకోండి. అర్జెంటీనాలో ఎర్ర వైన్ ద్రాక్షల్లో మాల్బెక్ తర్వాత ఎక్కువ విస్తీర్ణంలో సాగయ్యేది ఇదే. అయినా ఆ దేశం దాటితే దీని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఎందుకంటే దశాబ్దాలపాటు దీన్ని తన పేరుతో అమ్మలేదు. 1970 ప్రాంతంలో అర్జెంటీనాలో సగటున ఒక్కో మనిషి ఏడాదికి 90 లీటర్ల దాకా వైన్ తాగేవాడు. రోజూ భోజనంలోకి అంత వైన్ కావాలంటే విరగకాసే ద్రాక్ష, చిక్కటి రంగునిచ్చే ద్రాక్ష ఉండాలి. బొనార్దా రెండూ ఇచ్చింది. పెద్ద పెద్ద తొట్లలో వేరే రకాలతో కలిసిపోయి పేరు లేకుండానే అమ్ముడుపోయింది. దీన్ని విడిగా, శ్రద్ధగా చేసి సీసాలో పెట్టి అమ్మడం ఊపందుకుని ఎన్నో ఏళ్లు కాలేదు.

దీని రుచి తెలియాలంటే చూసే పద్ధతి కూడా కొంచెం మారాలి. కేబర్నే సావిన్యోన్ లాంటి బరువైన, వగరు ఎక్కువున్న రెడ్ వైన్ తాగే అలవాటుతో గది వేడిలోనే పోసుకుని, "ఇందులో బరువేదీ?" అని వెతికితే నిరాశే మిగులుతుంది. ఇది బరువైన వైన్ కాదు. పండు రుచి, పులుపు, తక్కువ వగరు, ఈ మూడే దీని బలం. ఆ మూడూ నాలుకకు అందేలా ఎలా తాగాలో చెప్తాను.

సీసా ఎంచుకోవడం

ముందు లేబుల్ మీద దేశం పేరు చూడండి. ఇటలీలోనూ బొనార్దా అనే వైన్ ఉంది. అక్కడి ఓల్ట్రెపో పావేసే ప్రాంతంలో ఆ పేరుతో అమ్మేది క్రోయాతినా అనే వేరే ద్రాక్షతో చేస్తారు. చాలాసార్లు కాస్త బుడగలతో కూడా వస్తుంది. అది చెడ్డదని కాదు, మనం వెతుకుతున్నది అది కాదు. అర్జెంటీనా బొనార్దా కూడా ఇటలీ నుంచే వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. డీఎన్ఏ పరీక్షల్లో తేలింది వేరు: దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పక్కనున్న సావోయ్. అక్కడ దాన్ని దూస్ న్వార్ అనీ కోర్బో అనీ పిలుస్తారు. కాలిఫోర్నియాలో చార్బోనో పేరుతో కొద్దిపాటి తోటల్లో ఉన్నది కూడా ఇదే ద్రాక్ష.

దేశం చూశాక ప్రాంతం చూడండి. దాదాపు ఎప్పుడూ మెండోసా అనే ఉంటుంది, అర్జెంటీనా పడమటి వైపున్న వైన్ రాష్ట్రం అది. ఇంకా వివరంగా రాసి ఉండి సాన్ మార్తిన్, రివదావియా, హునిన్, సాంతా రోసా పేర్లలో ఏదైనా కనిపిస్తే అది తూర్పు మెండోసా, బొనార్దాకు అసలైన చోటు. ఈ ద్రాక్ష చాలా ఆలస్యంగా పండుతుంది. మాల్బెక్ కోత అయిపోయి తోటలు ఖాళీ అవుతున్నప్పుడు కూడా ఇంకా తీగ మీదే ఉంటుంది. పూర్తిగా పండటానికి దానికి వేడి కావాలి. మెండోసాలోనే ఆండీస్ కొండల వారన 900 మీటర్ల ఎత్తు దాటిన ఊకో లోయలో చల్లదనం ఎక్కువ. తూర్పు మెండోసా అంతకంటే పల్లంలో, ఎండ బాగా కాసే నేల. ఏడాదికి కురిసే వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే కాబట్టి, ఆండీస్ మంచు కరిగిన నీళ్లు కాలువల్లో వస్తేనే పంట.

అక్కడి పాత తోటలు చాలావరకు పందిరి తోటలే. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్‌షాహీ తోటలు చూసినవాళ్లకు ఇది తెలిసిన సాగే: తల పైన తీగలు అల్లుకుంటాయి, గుత్తులు కిందికి వేలాడతాయి, ఆకుల నీడ వాటిని ఎండదెబ్బ నుంచి కాస్తుంది. కాపు కూడా బాగా వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. కాపు అతిగా వదిలేస్తే పండులో సారం తగ్గిపోయి వైన్ నీళ్లనీళ్లగా వస్తుంది. గుత్తులు తగ్గించి పండించిన రైతు సీసాకీ, టన్నుల కోసం పండించిన సీసాకీ మధ్య తేడా ఒక్కోసారి రెండు డాలర్లే. అందుకే అరలో అన్నిటికంటే చౌకగా ఉన్నది కాకుండా దాని పైమెట్టుది తీసుకోమంటాను. అమెరికాలో 10 నుంచి 15 డాలర్ల మధ్య మంచి బొనార్దా దొరుకుతుంది. కొలోనియా లాస్ లియెబ్రెస్, జుకార్ది సెరియె ఆ, దాంతె రోబినో మొదలుపెట్టడానికి సరైన పేర్లు. ఇండియాలో దిగుమతి సుంకం, ఆపైన రాష్ట్రాల పన్నులు కలిసి ఇదే సీసా ధరను చాలా పెంచేస్తాయి. దొరకడమూ కష్టమే. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవడం, లేదా డ్యూటీ ఫ్రీలో కనిపిస్తే తీసుకోవడం నయం.

లేబుల్ మీద ఇంకో రెండు మాటలు చూసుకోవాలి. రోబ్లె అని ఉంటే వైన్‌కు ఓక్ చెక్క, అంటే పీపాలు చేసే చెక్క, తగిలిందని అర్థం. రెసెర్వా అని ఉన్న ఎర్ర వైన్‌ను కనీసం ఏడాది నిల్వ ఉంచి ఉంటారు, చాలాసార్లు ఓక్ పీపాల్లోనే. మొదటిసారి రుచి చూడటానికి ఇవి రెండూ లేని సాదా సీసాయే మంచిది. ఓక్ వల్ల వచ్చే వెనిలా, కాఫీ వాసనలు బొనార్దా పండు వాసనను తేలిగ్గా కప్పేస్తాయి. చౌక వైన్లలో అయితే పీపాల బదులు ఓక్ ముక్కలు నానబెట్టడం కూడా ఉంది. అప్పుడు మీరు తాగేది సగం చెక్కే.

సంవత్సరం విషయంలో తాజాదే తీసుకోండి. రెండు మూడేళ్లకు మించి పాతది ఈ ధరలో వద్దు. అర్జెంటీనాలో కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జరుగుతుంది కాబట్టి, ఒకే సంవత్సరం వేసిన యూరప్ వైన్ కంటే అక్కడిది దాదాపు ఆరు నెలలు పెద్దది. మూత తిప్పేది అయితే సంకోచించకండి. ఇలాంటి తాజా వైన్‌కు కార్క్ కంటే అదే నమ్మకం.

చల్లబరచడం, అన్నిటికంటే ముఖ్యం

ఈ మొత్తంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట యూరప్ చలి ఇళ్ల నుంచి వచ్చింది. హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఏసీ లేని వేసవి గది అంటే 28, 30 డిగ్రీలైనా ఉంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు ముందు తగిలి ఘాటెక్కిస్తుంది, పులుపు చప్పబడుతుంది, పండు వాసన ఉడికించిన జామ్ వాసనలా మారుతుంది. బొనార్దాకు 14 నుంచి 16 డిగ్రీలు సరిపోతాయి.

గదిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో గంట, గంటన్నర ఉంచండి. తొందరగా కావాలంటే ఒక గిన్నెలో ఐస్, దాంతోపాటు నీళ్లు కూడా పోసి సీసాను మెడ దాకా ముంచండి. పన్నెండు, పదిహేను నిమిషాల్లో దిగిపోతుంది. ఐస్ ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండిపోయి చాలా ఆలస్యమవుతుంది. నీళ్లు గాజును అన్ని వైపులా తాకుతాయి కాబట్టే ఆ వేగం. అలాగని రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేసి తీసి వెంటనే పోసుకోకండి. 5, 6 డిగ్రీల్లో వాసన ముడుచుకుపోతుంది, వగరూ చేదూ మాత్రం పైకి లేస్తాయి. అలా అయిపోతే గ్లాసులో పోసి రెండు అరచేతుల మధ్య పట్టుకుని కొంతసేపు ఆగండి.

నమ్మకం కుదరకపోతే ఒకే సీసా నుంచి రెండు గ్లాసులు పోసి, ఒకటి చల్లగా, ఒకటి గది వేడికి వచ్చేదాకా వదిలేసి, రెండూ పక్కపక్కన తాగి చూడండి. ఒకే వైన్ అని చెప్తే ఇంట్లోవాళ్లు నమ్మరు.

గ్లాసు, రంగు

ఖరీదైన గ్లాసు అక్కర్లేదు. కింద బొద్దుగా, పైన కాస్త ముడుచుకున్న గ్లాసు ఏదైనా చాలు. సబ్బు వాసన, అల్మారా వాసన లేకుండా వట్టి నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెట్టండి. మూడో వంతు మాత్రమే పోయండి, లేకపోతే తిప్పడానికి చోటుండదు.

తెల్ల కాగితం మీద గ్లాసును వాల్చి చూడండి. మధ్యలో దాదాపు నల్లగా, అంచుల్లో ఊదాగా ఉంటే తాజాగా ఉన్నట్టు. అంచు ఇటుక రంగులోకి తిరిగితే వయసు మీద పడిందని. ఇంత చిక్కటి రంగు చూసి చాలామంది బరువైన వైన్ అనుకుంటారు, తాగగానే తేలిగ్గా ఉందని ఆశ్చర్యపోతారు. రంగుకీ వగరుకీ నేరుగా సంబంధం లేదు. ఈ ద్రాక్ష తొక్కలో రంగు పుష్కలం, వగరు పరిమితం. ఇక గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి నాణ్యత చెప్పేవాళ్లను పట్టించుకోకండి. అవి ముఖ్యంగా ఆల్కహాల్ వల్ల వచ్చేవి.

వాసన

గ్లాసు తిప్పకుండానే ఒకసారి వాసన చూడండి. లోపాలు ఉంటే ఇక్కడే బయటపడతాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ పాడైంది, షాపులో వెనక్కి ఇవ్వొచ్చు. వెనిగర్, గోళ్ల రంగు తుడిచే మందు వాసన ఘాటుగా ఉంటే కూడా అంతే. తిప్పే మూతల సీసాల్లో ఒక్కోసారి కాల్చిన అగ్గిపుల్ల వాసనో, ఉడికించిన గుడ్డు వాసనో వస్తుంది. దానికి టెన్షన్ పడకండి, గట్టిగా తిప్పి ఐదు నిమిషాలు గాలి తగలనిస్తే చాలావరకు పోతుంది.

తర్వాత గ్లాసును బల్ల మీదే ఉంచి గుండ్రంగా నాలుగు తిప్పులు తిప్పి, ముక్కు లోపలికి పెట్టి చిన్న చిన్న పీల్పులు పీల్చండి. ఒక్క దీర్ఘమైన పీల్పుతో ముక్కు అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత ఏమీ తెలియదు. బొనార్దాలో ముందు తెలిసేది నల్ల చెర్రీ, ఆల్‌బుఖారా, బ్లాక్‌బెర్రీ లాంటి ముదురు పళ్లు. వాటి వెనక కొన్ని సీసాల్లో సోంపు వాసన సన్నగా ఉంటుంది, ఇంకొన్నిటిలో ఎండు అంజీర. సోంపు పట్టుకోవడం మనకు సులువే, పుట్టినప్పటినుంచి తెలిసిన వాసన. అది దొరకాలంటే వంటింట్లోంచి కాస్త సోంపు తెచ్చి నలిపి వాసన చూసి, వెంటనే గ్లాసు దగ్గరికి వెళ్లండి. అరటిపండు, బబుల్‌గమ్ వాసన గుప్పుమంటే ద్రాక్షను చిదమకుండా గుత్తులుగానే పులియబెట్టారని అనుకోవచ్చు. పచ్చి ఆకు వాసన ఎక్కువగా ఉంటే పండు పూర్తిగా పండకముందే కోసేశారు. ఆలస్యంగా పండే ద్రాక్షలో ఇది తరచూ కనిపించే లోపం.

ఏమీ పేరు పెట్టలేకపోతే ఫర్వాలేదు. తాజా పండా, ఎండిన పండా, ఉడికిన పండా అన్నది చెప్పగలిగితే చాలు, సగం పని అయినట్టే.

గుక్క

ఒక చెంచాడు వైన్ నోట్లోకి తీసుకోండి. వెంటనే మింగొద్దు. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు, నాలుక కింద, అన్ని చోట్లా తగిలేలా తిప్పండి. పెదాలు కొద్దిగా తెరిచి కాస్త గాలి లోపలికి లాగితే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు ఎక్కుతుంది. ఇప్పుడు ఒక్కోసారికి ఒక్కో విషయం మీదే దృష్టి పెట్టండి. అన్నీ ఒకే గుక్కలో పట్టుకోవాలనుకుంటే ఏదీ దొరకదు.

మొదటి గుక్క పులుపు కోసం. మింగాకో, ఉమ్మేశాకో తల కాస్త వంచి ఆగండి. నోట్లో నీళ్లు ఎంత ఊరితే పులుపు అంత. మంచి బొనార్దాలో బాగానే ఊరుతుంది. ఊరకపోతే వైన్ చప్పగా ఉన్నట్టు, లేదా వేడెక్కినట్టు. మళ్లీ చల్లబరిచి ఇంకోసారి చూడండి.

రెండోది వగరు కోసం. నాలుకతో పై చిగుళ్లను తడమండి. బాగా పండిన నేరేడు పండు తిన్నాక మిగిలే పాటి వగరు ఉంటే అది బొనార్దా తీరే. నోరంతా పిడచకట్టుకుపోతే ఓక్ ఎక్కువై ఉండాలి, లేదా వేరే ద్రాక్ష కలిపి ఉండాలి.

మూడోది తీపి గురించి. చాలామంది "తియ్యగా ఉంది" అంటారు గానీ, ఈ వైన్లలో ఎక్కువవాటిలో చక్కెర లేనట్టే. పండిన పళ్ల వాసనను మెదడు తీపిగా లెక్కేస్తుంది. తేల్చుకోవాలంటే ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. ముక్కు మూసినప్పుడు తీపి మాయమైతే అది వాసన చేసిన పని. అప్పటికీ నాలుక మీద తీపి ఉంటే నిజంగానే చక్కెర మిగిల్చారు. చౌక సీసాల్లో జనానికి నచ్చుతుందని కొద్దిగా మిగల్చడం ఉంది. నాకది నచ్చదు, పులుపును మొద్దుబారుస్తుంది. ముక్కు వదిలిన క్షణంలో చెర్రీ, ఆల్‌బుఖారా ఒక్కసారిగా తిరిగి రావడం మాత్రం తప్పకుండా గమనించండి. రుచి అని మనం అనుకునేదాంట్లో ముక్కు వాటా ఎంతో అప్పుడే తెలుస్తుంది.

నాలుగోది మధ్య, చివర. నోట్లోకి రాగానే పండు, తర్వాత ఖాళీ, ఆ తర్వాత వట్టి పులుపు, ఇలా ఉంటే కాపు ఎక్కువైన తోట వైన్. మధ్యలో కూడా పండు రుచి నిలబడి, మింగాక ఐదారు సెకన్లు ఉంటే ఈ ధరకు చాలా మంచి సీసా దొరికినట్టు. గొంతులో మంట ఉంటే ఆల్కహాల్ శాతం చూడండి. 13 చుట్టుపక్కల ఉన్నవి నాకు ఎక్కువ నచ్చుతాయి.

నాలుగైదు సీసాలు ఒకేసారి చూస్తుంటే ఉమ్మేయడానికి ఒక గిన్నె పెట్టుకోండి, మొహమాటపడకండి. మూడో గ్లాసు మింగేశాక ఎవరి నాలుకా సరిగ్గా చెప్పదు. రుచి చూశాక బండి నడపాల్సి ఉంటే అసలు మింగొద్దు.

మాల్బెక్ పక్కన పెట్టి

ఒంటరిగా తాగినప్పటికంటే పక్కన ఇంకోటి ఉన్నప్పుడు ఏ వైన్ అయినా బాగా అర్థమవుతుంది. వీలైతే ఒకే కంపెనీది, ఒకే ధరలో మాల్బెక్ ఒకటి కొనండి. ముందు బొనార్దా, తర్వాత మాల్బెక్ తాగండి. తేలికది ముందుండాలి. మాల్బెక్ నోట్లో వెడల్పుగా పరుచుకుంటుంది, వగరు ఎక్కువ, చివర గట్టిగా ఉంటుంది. మళ్లీ బొనార్దాకు రండి. పులుపు ఇప్పుడు మొదటికంటే స్పష్టంగా తెలుస్తుంది, పండు రుచి చురుగ్గా అనిపిస్తుంది. ఏది గొప్పదని కాదు. భోజనం మధ్యలో రెండో గ్లాసు ఏది పోసుకుంటారో చూడండి. నేనైతే చాలాసార్లు బొనార్దా వైపే వెళ్తాను.

భోజనంతో

మెండోసాలో దీన్ని నిప్పుల మీద కాల్చిన మాంసంతో, మాంసం లాంటివి కూరి కజ్జికాయల్లా చేసే ఎంపనాదాలతో, పిజ్జాతో తాగుతారు. ఉప్పు, కొవ్వు వైన్‌లోని వగరును తగ్గిస్తాయి. టమాటా పులుపుకు ఈ వైన్ పులుపు దీటుగా నిలబడుతుంది. రోజువారీ వైన్‌లో సోడా పోసుకోవడం కూడా అర్జెంటీనాలో మామూలే, వేసవిలో మీరూ చేసి చూడొచ్చు. రుచి చూడటం పూర్తయ్యాక మాత్రమే.

మన తిండి దగ్గర అసలు సమస్య కారం. కారంతో ఆల్కహాల్ కలిస్తే మంట పెరుగుతుంది. వగరు ఎక్కువున్న వైన్ అయితే కారం తిన్న నోటికి ఇంకా కరుకుగా, చేదుగా తగులుతుంది. ఆంధ్రా భోజనంతో బరువైన కేబర్నే కుదరకపోవడానికి కారణం ఇదే. వగరు తక్కువై, చల్లగా ఉండే బొనార్దా ఆ మంట మీద అంతగా ఆజ్యం పోయదు. మిరియాలు దట్టించిన మటన్ వేపుడు, కోడి వేపుడు, వేరుశెనగ, నువ్వుల మసాలాతో గుత్తి వంకాయ, వీటితో బాగా కుదురుతుంది. పచ్చిమిర్చి కంటే మిరియం, ధనియం ముందుండే కూరలు ఎంచుకోండి. గోంగూర మాంసంతో వద్దు. ఆ పులుపు ముందు ఏ రెడ్ వైన్ అయినా చప్పబడిపోతుంది. ఆవకాయ కూడా అంతే. స్వీటు తిన్నాక తాగితే వైన్ పులిసినట్టు అనిపిస్తుంది, కాబట్టి స్వీట్ల ముందే గ్లాసు ముగించండి.

తేడా తెలియడానికి ముద్ద తినకముందు ఒక గుక్క, వేపుడు ముక్క తిన్నాక ఒక గుక్క తీసుకోండి. రెండోసారి పండు రుచి పెరిగితే జత కుదిరింది. మంట పెరిగితే కాస్త పెరుగన్నం తిని, వైన్‌ను ఇంకో రెండు డిగ్రీలు చల్లబరిచి మళ్లీ చూడండి.

మర్నాటికి

సీసాలో సగం మిగిలితే, ఖాళీ అయిన చిన్న సీసా ఒకటి శుభ్రంగా కడిగి అందులోకి అంచుదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. పైన గాలి లేకపోతే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. సగం ఖాళీ సీసాలోనే వదిలేస్తే మర్నాటికి పండు వాసన వెళ్లిపోయి, పాత ఆపిల్ ముక్క వాసన మొదలవుతుంది.

మొదటి రోజు రాసుకున్న రెండు మూడు మాటలు పక్కన పెట్టుకుని మర్నాడు ఒక గుక్క తాగి చూడండి. పండు ఇంకా నిలబడి ఉంటే ఆ కంపెనీ పేరు, సంవత్సరం ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వాళ్లదే రెసెర్వా దొరికితే ఈసారి ఓక్ ఏం చేసిందో తెలుసుకోవడానికి కొనొచ్చు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లయితే చార్బోనో సీసా ఒకటి వెతికి తెచ్చి, రెండూ ఒకే చల్లదనంలో పక్కపక్కన పోసుకోండి. ధర ఎక్కువుంటుంది గానీ, ఒకే ద్రాక్ష రెండు నేలల్లో ఎలా మాట్లాడుతుందో అక్కడ తెలుస్తుంది.